మీసం తప్పేం లేదు, మాస్కే పాతది

లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో మేం స్కూబాకి, అంటే గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలో దిగడానికి, వెళ్లిన షాపు పేరు రాయడం లేదు. అక్కడి ఇన్‌స్ట్రక్టర్ కుర్రాడి పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. కౌంటర్ దగ్గర కూర్చునే ఆయన సంగతి వేరు.

కొచ్చి నుంచి ఎంవీ కవరత్తిలో వెళ్లాం. అది మా విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిన ఓడ. నాన్న అక్కడే వెల్డరు. ఎక్కగానే రెయిలింగు అతుకులు తడిమి చూస్తుంటే మా ఆవిడ ఒకటే నవ్వు.

రెండు రోజులు, రెండు డైవులు, మనిషికి 9,000. సర్టిఫికెట్ లేనివాళ్లని 12 మీటర్లు దాటి దించరు. ముందు లగూన్‌లో, అంటే పగడపు దిబ్బ లోపలి మడుగులో, నడుం లోతు నీళ్లలో గంటసేపు పాఠం. కొంచెం దిగినప్పుడల్లా ముక్కు మూసి చెవుల్లోకి గాలి ఊదాలి, అదీ నొప్పి రాకముందే. పది మీటర్ల లోతుకి ఒత్తిడి రెట్టింపవుతుంది మరి. కుర్రాడు ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

గొడవంతా మాస్క్‌తోనే. దిగిన రెండు నిమిషాలకే ముక్కు దాకా నీళ్లు. "మీసం వల్ల సార్" అని కౌంటర్ ఆయన వాజలీన్ డబ్బా చేతిలో పెట్టాడు. మీసం ఉంటే మాస్క్ సరిగ్గా అతుక్కోదన్నది నిజమే. పెళ్లికొడుక్కి నలుగు పెట్టినట్టు పూసుకున్నా. అయినా కారింది. మర్నాడు కుర్రాడు తన సొంత మాస్క్ ఇచ్చాడు. అదే మీసం, వాజలీన్ లేదు, చుక్క నీరు రాలేదు. పాతదాన్ని వెలుగులో పట్టి చూస్తే అంచు సిలికాన్ పసుపు తిరిగి, అప్పడంలా బిగుసుకుపోయి ఉంది.

ఆ రెండో డైవ్ అలలు విరిగే చోటు దాటి, పగడపు దిబ్బ బయటి వాలు మీద. చిలక చేపలు పగడాన్ని కొరుకుతుంటే కటకటమని వినిపిస్తోంది, ఎటు నుంచో మాత్రం తెలియదు. సంబరం పట్టలేక బొటనవేలు పైకెత్తాను. నీళ్లలో ఆ సైగకి పైకి పోదామని అర్థం! కుర్రాడు గబుక్కున నా జబ్బ పట్టుకున్నాడు. వేళ్లతో సున్నా చుట్టి చూపించాక గానీ వదల్లేదు.

గోడ మీది ఫొటోల్లో ఉన్న రంగులు మాత్రం ఆశించకండి. 2024 ఎండాకాలంలో సముద్రం వేడెక్కి లక్షద్వీప్‌లో పగడాలు చాలా తెల్లబడిపోయాయి. మేం చూసిన చోట కొమ్ముల పగడం విరిగి, నాచు పట్టి, కూలిన ఇంటి పెంకుల్లా పడి ఉంది. గుండ్రటి బండ పగడాలు బతికున్నాయి. చేపలకి లోటు లేదు. ఈ ముక్క ముందే చెప్పి డబ్బు తీసుకుని ఉండాల్సింది.

ఆఖరి ముచ్చట. మూడో డైవ్‌కి కౌంటర్ ఆయన 4,000 పుచ్చుకుని సాయంత్రం నాలుగింటికి చీటీ రాసేశాడు. మా ఫ్లైటు మర్నాడు తొమ్మిదిన్నరకి. కుర్రాడు వేళ్ల మీద లెక్కపెట్టాడు: పైకి తేలేసరికి ఐదు, అంటే మధ్యలో పదహారున్నర గంటలే. వరసగా డైవులు చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలి. లేకపోతే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ విమానంలో ఒత్తిడి తగ్గగానే బుడగలు కట్టే ప్రమాదం ఉంది. "గంటన్నరేగా తక్కువ" అన్నాడు కౌంటర్ ఆయన. కుర్రాడు మారు మాట్లాడకుండా చీటీ చింపేశాడు. డబ్బు వాపసు వచ్చేసరికి రాత్రి ఎనిమిదైంది, అదీ 500 కోసుకుని. బోటుకి చెప్పేశారట.

మీరు వెళ్తే, పట్టీ తగిలించుకోకుండా మాస్క్‌ని ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి తీసినా జారకపోతేనే డబ్బు కట్టండి.