మూడంతస్తుల స్టాండు, నాలుగు పౌండ్ల టీపాట్: ఆరేళ్లు వాడాక

ఇంగ్లీషువాళ్ల పద్ధతిలో స్నేహితుల్ని మధ్యాహ్నం టీకి ఇంటికి పిలుద్దాం అనుకోగానే అందరి కళ్లూ ముందు పడేది తినుబండారాలు పెట్టే ఆ మూడంతస్తుల పింగాణీ స్టాండు మీదే. మేమూ మొదట అదే కొన్నాం. ఆరేళ్లు వాడిన అనుభవంతో చెబుతున్నా, అన్నిటికంటే చివర కొనాల్సింది అది. అసలు కొనకపోయినా నష్టం లేదు.

మేముండేది ఇంగ్లండులో, రెడింగ్‌లో. అంతకుముందు ఎవరినైనా పిలిస్తే భోజనానికే పిలిచేవాళ్లం. భోజనమంటే మన సంగతి తెలిసిందేగా. శుక్రవారం రాత్రి నుంచే ఉల్లిపాయలు తరగడం, శనివారం బిర్యానీ, రెండు కూరలు, పప్పు, పెరుగు పచ్చడి, ఆఖరి గిన్నె తోమేసరికి రాత్రి పన్నెండు. మా ఆవిడే ఒకరోజు విసుగొచ్చి, "ఇక్కడివాళ్లలాగా టీకి పిలిస్తే పోలా?" అంది. అలా మొదలైంది. రెండు మూడు నెలలకోసారి, ఆరుగురో ఎనిమిదిమందో. ఇప్పటికి పాతికసార్లు దాటి ఉంటుంది.

ఈ అలవాటు 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ (అక్కడి ప్రభువు భార్య) ఆనా మొదలుపెట్టిందని ఇక్కడ చెప్పుకుంటారు. రాత్రి భోజనం ఎనిమిదింటికి గానీ ఉండేది కాదట, నాలుగయ్యేసరికి ఆవిడకి నీరసం వచ్చేదట. నాలుగింటికి కడుపులో కాలడం మనకేం కొత్త కాదు. భీమవరంలో మా ఇంట్లో ఆ వేళకి జంతికల డబ్బా మూత చప్పుడు వినపడాల్సిందే. ఇంకో మాట. హైదరాబాదు హోటళ్లలో దీన్నే 'హై టీ' అంటారు. నేనూ అలాగే అని పిలిస్తే మా ఆఫీసాయన రాత్రి భోజనం అనుకుని ఖాళీ కడుపుతో వచ్చాడు. ఇక్కడ హై టీ అంటే పనివాళ్ల కుటుంబాల్లో సాయంత్రం పూట తినే గట్టి తిండి.

ఇక స్టాండు సంగతి. మూడు పళ్లేలు, మధ్యలో ఒక కడ్డీ. కింద శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్లు (మెత్తగా, గుండ్రంగా ఉండే చిన్న రొట్టెలు), పైన కేకులు. కిందనుంచి పైకి తినుకుంటూ పోవాలి. ఫోటోలో చాలా బాగుంటుంది, కాదనను. కానీ కింద పళ్లెంలో పన్నెండు శాండ్‌విచ్ ముక్కలకి మించి పట్టవు. ఆరుగురు వస్తే నాకు ఇరవై నాలుగు కావాలి. అంటే సగం సరుకు ఎలాగూ వంటింట్లో మామూలు పళ్లెంలోనే ఉంటుంది. అవతలి సోఫాలో కూర్చున్నవాళ్లకి అందదు. లేచి వంగి తీసుకోవడానికి మొహమాటపడి ఒక ముక్కతో సరిపెట్టుకుంటారు. అంచున బంగారు గీత ఉంది కాబట్టి డిష్‌వాషర్‌లో పెట్టకూడదు. కడ్డీ దూరే కన్నంలో జామ్ ఇరుక్కుంటుంది, ప్రతిసారీ మరలు విప్పి చేత్తో కడగాలి. మూడో ఏట మరీ వదులుగా ఊగుతోందని నేను కొంచెం గట్టిగా బిగించాను. మధ్య పళ్లెం టిక్కుమంది. కన్నం నుంచి అంచు దాకా బీట. అమ్మినవాళ్లని అడిగితే విడి పళ్లెం దొరకదు, మొత్తం సెట్టు కొనుక్కోమన్నారు. ఆ తర్వాత రెండంతస్తులతోనే నడిపాం.

స్టాండుకి ఐదులో రెండు. ఆ రెండూ ఫోటోలకి.

టీపాట్ కథ దీనికి పూర్తిగా తిరగేసి. పాతవస్తువులు అమ్మే ఛారిటీ షాపులో నాలుగు పౌండ్లకి దొరికింది. బొద్దుగా, ముదురు గోధుమరంగు మెరుపుతో ఉండే మట్టి పాట్. వీటిని ఇక్కడ బ్రౌన్ బెట్టీ అంటారు, స్టోక్-ఆన్-ట్రెంట్ వైపు ఎర్రమట్టితో చేసే రకం. అందంలో మా స్టాండు పక్కన పనిమనిషిలా ఉంటుంది. కానీ గుండ్రటి పొట్టలో ఆకు చక్కగా తిరుగుతుంది, మట్టి మందంగా ఉండటం వల్ల వేడి నిలుస్తుంది, మరకలు పడినా కనిపించవు. ఆరేళ్లలో ఒక్క పెచ్చు ఊడలేదు. ఒకే ఒక్క లోపం, పోసి ఎత్తగానే మూతి నుంచి ఒక చుక్క కిందికి జారి టేబుల్ గుడ్డ మీద పడుతుంది. మూతి కింది అంచుకి కాస్త వెన్న రాస్తే ఆగుతుందని తెలిసి రాశాను. ఆగింది. కడిగాక మళ్లీ రాయాలి, అంతే.

టీ పెట్టడంలో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. ముందు పాట్‌లో వేడినీళ్లు పోసి, తిప్పి పారబోయాలి. లేకపోతే చల్లటి మట్టి సగం వేడి లాగేసుకుంటుంది. తర్వాత మనిషికో చెంచా అస్సాం ఆకు, సలసల మరిగే నీళ్లు, నాలుగు నిమిషాలు. ఆకు అందులోనే వదిలేస్తే రెండో కప్పు వేళకి కషాయమే. అందుకే నాలుగు నిమిషాలయ్యాక వడకట్టి, వేడి చేసి పెట్టుకున్న రెండో పాట్‌లోకి మారుస్తాను. రెండో పాట్ కూడా అదే షాపులోది, మూత వేరే రంగు. పైన ఊలు తొడుగు వేస్తే అరగంట దాకా తాగేంత వేడిగా ఉంటుంది.

అయినా ఏడాదిపాటు నా టీ మీద బూడిదరంగు తెట్టె కట్టేది. ఆకు మార్చాను, పాలు మార్చాను, కప్పులు మార్చాను. తప్పంతా నీళ్లదట. ఈ వైపు కొళాయి నీళ్లలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేదీ అదే. ఫిల్టర్ జగ్గు ఒకటి కొన్నాక తెట్టె పోయింది. స్టాండు డబ్బులతో ముందు ఈ జగ్గు కొనాల్సింది.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఒకసారి ఈ టీకి కూర్చుంది. కప్పు కింద పెట్టి, "ఒరేయ్, ఇది టీనా, కప్పు కడిగిన నీళ్లా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో మా తెలుగు మిత్రుల దాచుకున్న అభిప్రాయం కూడా బయటపడింది. ఒకాయన "అమ్మగారు మా మనసులో మాట చెప్పారండీ" అనేశాడు. అప్పటినుంచి రెండు రకాలు. పాట్‌లో వీళ్ల టీ, స్టవ్ మీద గిన్నెలో పాలతో కాచిన అల్లం టీ. అల్లం టీ ఫ్లాస్కులో పోసి పక్కన పెడతాను. తమాషా ఏమిటంటే ముందు ఖాళీ అయ్యేది ఫ్లాస్కే, తాగేది మనవాళ్లొక్కరే కాదు.

తిండిలో నేను బాగా నమ్ముకున్నవి స్కోన్లు. గుడ్డు అక్కర్లేదు కాబట్టి మా శాకాహారి మిత్రులకీ ఇబ్బంది ఉండదు. 225 గ్రాముల సెల్ఫ్ రైజింగ్ పిండిలో (బేకింగ్ పౌడర్ ముందే కలిపిన మైదా) చిటికెడు ఉప్పు, 55 గ్రాముల చల్లటి వెన్న వేసి వేళ్లతో పొడిపొడిగా నలపాలి. 25 గ్రాముల పంచదార, 150 మిల్లీలీటర్ల పాలు. ఇక్కడే మన చెయ్యి మోసం చేస్తుంది. చపాతీ పిండి అలవాటున్న చెయ్యి కదా, కనిపించగానే మర్దించేస్తాం. నా మొదటి వాయి స్కోన్లు క్రికెట్ బంతుల్లా వచ్చాయి. పిండి ముద్ద అయ్యిందా, చాలు, వదిలెయ్యాలి. రెండు సెంటీమీటర్లకి తగ్గకుండా చేత్తోనే వత్తి, గుండ్రంగా కోసే కట్టర్‌ని తిన్నగా దింపి తిన్నగా ఎత్తాలి. తిప్పితే అంచు అతుక్కుపోయి ఒక పక్కకి వాలి పొంగుతాయి. పైన పాలు పూసి 220 డిగ్రీల్లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. ఐదు సెంటీమీటర్ల కట్టరుతో ఏడెనిమిది వస్తాయి, ఆరుగురికి రెండింతలు చేసుకోవాలి. పొడిగా కలిపిన పిండి, వెన్న ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పాలు మాత్రం అతిథులు రావడానికి అరగంట ముందు. తలుపు తీసేసరికి ఆ వాసన ఉండాలి.

దాని మీదకి జామ్, క్లాటెడ్ క్రీమ్ అనే చిక్కటి మీగడ. కార్న్‌వాల్ పేరుతో అమ్మే క్రీములో కొవ్వు కనీసం 55 శాతం ఉండాలి, పైన మీగడలా పసుపు పొర కడుతుంది. కార్న్‌వాల్, డెవన్ ఇంగ్లండు నైరుతిలో పక్కపక్క ప్రాంతాలు. డెవన్ వాళ్లు ముందు క్రీమ్ రాస్తారు, కార్న్‌వాల్ వాళ్లు ముందు జామ్. ఆవకాయన్నంలో నెయ్యి ముందా ఆవకాయ ముందా అని మా ఇంట్లో జరిగే గొడవ లాంటిదే. నేను జామ్ పక్షం.

కీర శాండ్‌విచ్‌లని మొదట్లో చిన్నచూపు చూశాను. సరిగ్గా చేస్తే అవే ముందు అయిపోతాయి. కీరని కాగితంలా తరిగి, ఉప్పు చల్లి, ఇరవై నిమిషాలాగి గుడ్డలో అద్దాలి. బ్రెడ్‌కి వెన్న అంచుల దాకా పూయాలి, అప్పుడే నీరు లోపలికి దిగదు. ఒక శాండ్‌విచ్‌కి మూడు పొడుగు ముక్కలు, కాబట్టి ఆరుగురికి పదహారు బ్రెడ్ ముక్కలు చాలు. పొద్దున చేసి తడిగుడ్డ కప్పి ఉంచుతాను. కోసేసిన అంచులు మర్నాడు బ్రెడ్ ఉప్మా. మాంసం తినేవాళ్లకి కరొనేషన్ చికెన్ పెడతాను. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం విందుకి వండినది, కాస్త కూరపొడి పడుతుంది. నేను పచ్చిమిర్చి కూడా వేస్తాను, ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

కేకు నేను చేయను. మా ఆవిడ విక్టోరియా స్పాంజ్ చేస్తుంది. గుడ్లు, వెన్న, పంచదార, పిండి నాలుగూ సమాన బరువు. తీరిక లేకపోతే షాపుది. ఒక ఏడాది తీపి ఎక్కువైందని అందరూ మొహాలు పెడితే మిర్చి బజ్జీలు వేశాం. స్టాండు పై అంతస్తులో మిర్చి బజ్జీ! మొదటి వాయి పొయ్యి దగ్గరే అయిపోయింది. అప్పటినుంచి ఒక కారం వంటకం తప్పదు, అయితే ముందే వేయించి పెట్టుకోగల మసాలా వడ లాంటిది. బజ్జీ అయితే ఎవరో ఒకరు బాణలి దగ్గరే నిలబడిపోవాలి, పిలిచినవాళ్లతో మాట్లాడేదెప్పుడు?

వేళ గురించి ఒక మాట. వేసవిలో నాలుగింటికి పిలవండి, వెలుతురు తొమ్మిది దాకా ఉంటుంది. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి మూడింటికి రమ్మంటాం. ఆరింటికి అందరూ వెళ్లిపోతారు. రాత్రి వంటింట్లో మిగిలేది రెండు పాట్లు, కప్పులు, ఓవెన్ రేకు.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వస్తే ఫిల్టర్ జగ్గు, మట్టి పాట్లు రెండు, మంచి స్కోన్ కట్టరు, రెండు పెద్ద వెడల్పాటి పళ్లేలు కొంటాను. స్టాండు ఇప్పుడు మా అమ్మాయి ఆస్తి. మొన్న సంక్రాంతికి బొమ్మల కొలువులో చిన్న బొమ్మలకి మెట్లలా వాడింది. జనవరి దాటి చాలా రోజులైంది, అది ఇంకా వంటింట్లోకి రాలేదు. మేమూ అడగలేదు.