కోఫోలా: దేశాలు రెండయినా డ్రింక్ ఒక్కటే

చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నో నగరంలో మొదటిసారి కోఫోలా తాగినప్పుడు, నిజం చెప్పొద్దూ, కూల్‌డ్రింక్‌లో ఎవరైనా కషాయం కలిపారా అనుకున్నా. ముందు అతిమధురం వాసన ముక్కుకి తగులుతుంది, తర్వాత కాస్త పులుపు, చివర్లో సన్నటి చేదు. రెండో గ్లాసుకి అలవాటైపోయింది, మూడోది నేనే అడిగి పోయించుకున్నా.

1960లో చెకోస్లొవేకియాలో, విదేశీ కోలాలకి బదులుగా తెచ్చిన డ్రింక్ ఇది. కాఫీ గింజల్లోంచి మిగిలిపోతున్న కెఫీన్‌ని ఏం చేయాలన్న ఆలోచనలోంచి పుట్టింది. పండ్లు, మూలికలతో చేసిన సిరప్‌లోనే ఉంది అసలు సంగతంతా. 1993లో దేశం రెండు ముక్కలైంది గానీ దీని మీద ఇష్టం మాత్రం రెండు వైపులా అలాగే ఉండిపోయింది, చెక్ వైపు క్ర్నోవ్‌లో, స్లొవేకియా వైపు రాయెట్స్కా లెస్నాలో తయారవుతుంది. బ్ర్నోలో చెక్ డబ్బు కొరునాలిచ్చి తాగి, గంటన్నర రైల్లో వెళ్లి స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలో దిగితే అదే మగ్గుకి యూరోలివ్వాలి, అంతే తేడా.

నా ఓటు బాటిల్‌కి కాదు, పబ్బులో బీరులా కుళాయి నుంచి పట్టి ఇచ్చేదానికే. పైన నురుగు నిలబడుతుంది, గ్యాస్ గొంతు కోయదు. కాకపోతే కుళాయిని సరిగ్గా చూసుకునే చోటికే వెళ్లండి, బ్రాటిస్లావాలో ఒకచోట గోరువెచ్చగా, గ్యాసంతా పోయినది తెచ్చిపెట్టారు, సగం వదిలేసి లేచొచ్చా. మామూలు కోలాల కంటే తీపి తక్కువ కాబట్టి భోజనంలోకి బావుంటుంది. నిమ్మముక్క వేయమని మాత్రం అడగండి.