పైపులన్నీ కొత్తవి వేయించాక ఫ్లష్ ట్యాంక్ నిండటానికి 25 నిమిషాలు: కొత్తరకం వాల్వ్ రెండున్నరేళ్లు వాడాక

మాది గుంటూర్లో జీ ప్లస్ వన్ ఇల్లు, నాన్న 1997లో కట్టించాడు, అప్పట్లో అన్నీ జీఐ పైపులే (జింక్ పూత ఇనుప పైపులు) కదా. తుప్పు పట్టిపోయి పొద్దున్నే కుళాయి తిప్పితే టీ డికాక్షన్ వచ్చేది. సరే అని 2022 చివర్లో మొత్తం సీపీవీసీ (లేత పసుపు ప్లాస్టిక్ పైపులు) వేయించి, పనిలో పనిగా రెండు బాత్రూముల్లోనూ ఫ్లష్ ట్యాంకుల్లో నీళ్లు నిండగానే తేలే బంతితో మూసుకునే ఆ పాత బాల్ కాక్ తీసేసి, అదే పని చప్పుడు లేకుండా చేసే, సన్నగా నిలువుగా ఉండే సైలెంట్ ఫిల్ వాల్వులు పెట్టించా. కింద బాత్రూంలో అసలు నిండుతుందా లేదా అన్నట్టు చప్పుడే లేదు, బాగుంది. పైన మాత్రం ఒకసారి ఫ్లష్ కొడితే మళ్లీ నిండటానికి 25 నిమిషాలు, ఫోన్లో టైమర్ పెట్టి మరీ చూశా. సంక్రాంతికి అక్కావాళ్లు దిగారు ఆరుగురు, ఇక చూస్కోండి, ఫ్లష్ పక్కన బకెట్టూ మగ్గూ పర్మనెంట్ అయిపోయాయి, అమ్మేమో "పాత పైపులే నయం కదరా" అని రోజుకోసారి.

ప్లంబర్‌కి ఫోన్ చేస్తే వచ్చి చూడకుండానే "ప్రెషర్ లేదు సార్, పంప్ పెట్టుకోవాల్సిందే" అన్నాడు. తొమ్మిది వేలు చెప్పాడు. దాదాపు కొనేసేవాణ్ణే, కానీ అదే బాత్రూంలో వాష్ బేసిన్ కుళాయి బానే వస్తోంది, మరి దీనికొక్కదానికే ప్రెషర్ లేకపోవడమేంటి అని డౌటొచ్చింది.

అందుకని యాంగిల్ కాక్ (గోడ దగ్గర ఫ్లష్‌కి నీళ్లు ఆపే కుళాయి) కట్టేసి, కనెక్షన్ పైపుని ట్యాంక్ వైపు విప్పి, లీటరు మగ్గు పట్టి కాక్ తిప్పా. 12 సెకన్లలో నిండింది, అంటే నిమిషానికి 5 లీటర్లు. మాది 8 లీటర్ల ట్యాంకు, లెక్కప్రకారం రెండు నిమిషాల్లోపే నిండాలి. (పైపు కొసని ట్యాంక్‌కి తగిలించే ఎత్తులోనే పట్టుకోవాలి, కిందకి వేలాడదీస్తే నీళ్లు ఎక్కువొచ్చి లెక్క తప్పుతుంది, నేను మొదటిసారి అదే చేశా.) అంటే నీళ్లు గుమ్మం దాకా బానే వస్తున్నాయి, వాల్వ్ లోపలే ఇరుక్కుంటున్నాయి.

వాల్వ్‌కి నీళ్లొచ్చే మూతిలో మల్లెమొగ్గంత జాలీ ఉంటుంది, నోస్ ప్లయర్‌తో లాగితే వచ్చేస్తుంది. అది లాగాక చూడాలి దాని సంగతి! తుప్పు పెచ్చులు, పైపు కోసినప్పుడు రాలిన లేత పసుపు పొట్టు, టెఫ్లాన్ టేపు పోగులు, అన్నీ కలిసి ముద్ద కట్టాయి. పైపులు కొత్తవి కదా తుప్పెక్కడిది అనుకున్నా, డాబా మీద ట్యాంక్ నుంచి గేట్ వాల్వ్ దాకా రెండడుగుల జీఐ ముక్క మా ప్లంబర్ మార్చకుండా వదిలేశాడు. అసలు పని అయ్యాక వాల్వులు బిగించకముందే లైన్లలో నీళ్లు ఓ పది నిమిషాలు వదిలేస్తే ఆ చెత్తంతా బయటకి పోయేది, ఆ పని చెయ్యలేదు. జాలీ కడిగి పెడితే 25 కాస్తా 7 నిమిషాలైంది.

జాలీ కిందే ఇంకో చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంది, సన్న సన్న కంతలతో. అది పంపు ప్రెషర్ ఉన్న ఇళ్లలో చప్పుడు రాకుండా నీళ్లని ఆపడానికి. మాకు డాబా మీద ట్యాంకులో నీటిమట్టం నుంచి పైన ఫ్లష్ దాకా గట్టిగా 12 అడుగులు, పది మీటర్ల ఎత్తుకి (చదరపు సెంటీమీటరుకి) కేజీ ప్రెషర్ అనుకుంటే మాకు అరకేజీ కూడా రాదు, దాన్నింకా ఆపడమెందుకు? తీసేశా, 4 నిమిషాలకొచ్చింది, కొంచెం శబ్దం పెరిగింది అంతే. కింద అంతస్తులో దాని జోలికి పోలేదు.

ఇంకోటి, అరంగుళం జీఐకి బదులు అరంగుళం సీపీవీసీ వేస్తే సమానం అనుకుంటాం గానీ కాదు, జీఐ లోపల కొత్తలో 16 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, సీపీవీసీ బయటికే 15.9, లోపల 12 చిల్లర. పై అంతస్తుకైనా ముప్పావంగుళం లాగించాల్సింది. నాకిది గోడలకి రంగులేశాక తెలిసింది.

ఎనిమిది నెలలకి మళ్లీ మొదలు. ఈసారి బోరు నీళ్ల ఉప్పు. జాలీని నిమ్మ ఉప్పు కలిపిన వేణ్ణీళ్లలో గంట నానబెడితే పోయింది, బాత్రూం యాసిడ్ మాత్రం పోయకండి, రబ్బరు పాడవుద్ది. ఏడాదిన్నరకి ఇంకో కొత్త కథ, నిండాక నీళ్లు ఆగడం మానేశాయి. లోపల రబ్బరు డయాఫ్రమ్‌కి గుండుసూది మొనంత కంత ఉంటుంది, అందులోంచి నీళ్లు వెనక్కి చేరి ఒత్తితేనే అది మూసుకుంటుంది, అక్కడ ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు. రాత్రంతా ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి కమోడ్‌లోకి పోయి పొద్దున్నే డాబా మీద ట్యాంక్ ఖాళీ, ఇది కూడా చప్పుడు లేకుండానే! ఒక్క రబ్బరు అడిగితే షాపులో లేదు, సెట్టు మొత్తం కొనాలట, 350.

ఆ 350 పెట్టలేదు. మూతి రంధ్రం పెద్దది చూసి పాతరకం బాల్ కాకే తెచ్చి పైన నేనే బిగించా, 3 నిమిషాల్లో నిండుతోంది, బుస్సుమని చప్పుడొస్తే రానీ. కింద కొత్తరకమే ఉంది, ఏడాదికోసారి జాలీ కడుగుతున్నా, దానికి ఐదుకి నాలుగు ఇస్తా. పైన ఇచ్చిన అనుభవానికి రెండు కూడా ఎక్కువే, ముఖ్యంగా మాలాగా తక్కువ ఎత్తులో ట్యాంకూ బోరు నీళ్లూ ఉన్నవాళ్లకి. ఆ రెండడుగుల జీఐ ముక్క ఇంకా అలాగే ఉంది, ఎండాకాలంలో ట్యాంక్ కడిగించేటప్పుడు కోయించేస్తా.