శిక్షణా, పరిచయాలా, ఆర్డరా: దళిత పారిశ్రామికవేత్తకు ముందు ఏది మేలు?

జీడిమెట్లలో నాకు బాగా తెలిసిన ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. యజమాని మాదిగ కుటుంబంలో పుట్టినవాడు. పద్నాలుగేళ్లు వేరేవాళ్ల దగ్గర వెల్డింగ్ చేసి, ఆ తర్వాత రెండు మెషీన్లతో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. టేబుల్ వెనక గోడకు ఏడు సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించి వేలాడదీశాడు. ఒకటి మూడు రోజుల శిక్షణది, ఇంకొకటి వారం రోజులది, ఇలా. నేను అలాంటి చిన్న యూనిట్లకు లెక్కలు, టెండరు కాగితాలు చూసిపెడుతుంటాను. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన ఆ గోడవైపు చూపించి అడిగాడు: "అన్నా, ఇన్ని నేర్చుకున్న. పనేది?"

ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలు ఎదగడానికి మన దగ్గర మూడు దారులు చూపిస్తారు. శిక్షణ, పరిచయాలు, పెద్ద సంస్థల నుంచి ఆర్డర్లు. మూడూ కావాలని అనడం తేలికే. కానీ షెడ్డు అద్దె కట్టేవాడికి డబ్బూ టైమూ మూడింటికీ చాలవు. ఏది ముందో తేల్చుకోవాలి. నా మటుకు నేను ఆర్డరే ముందంటాను.

ఆర్డరు అడగడం కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో మైనారిటీల సంస్థలను పెద్ద కంపెనీల కొనుగోళ్లతో కలపడానికి 1972లోనే ఒక జాతీయ మండలి పుట్టింది. మన దగ్గర 2002 జనవరిలో భోపాల్‌లో జరిగిన దళిత సదస్సు కూడా ఆ మాటే అడిగింది. ఉద్యోగాల్లోనే కాదు, కొనే సరుకులోనూ మాకు వాటా కావాలంది. పదేళ్లకు, 2012లో, కేంద్రం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనుగోళ్ల విధానం తెచ్చింది. ఇప్పుడు కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం చిన్న సంస్థల దగ్గరే కొనాలి. ఆ 25లోనే, మొత్తం కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్ల నుంచి, 3 శాతం మహిళల యూనిట్ల నుంచి.

మరి ఆర్డరు ఎక్కడ వెతకాలి? రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, మిధాని, బీడీఎల్, విశాఖ స్టీల్ ప్లాంటు లాంటి ప్రభుత్వ సంస్థల్లోనా, ప్రైవేటు కంపెనీల్లోనా?

ప్రైవేటులో పని వేగంగా మొదలవుతుంది. జాబ్ వర్క్ అయితే ఇనుము వాళ్లే పంపిస్తారు, మనం మన కూలి, కరెంటు, గ్యాసు చూసుకుంటే చాలు. చేతిలో పెట్టుబడి లేనివాడికి ఇది నిజంగా పెద్ద మేలు. కానీ అక్కడ దళితుడి దగ్గర కొనాలన్న నిబంధన ఏదీ లేదు. కొన్ని పెద్ద గ్రూపులు స్వచ్ఛందంగా చేస్తున్నాయి, చేయనివాళ్లను అడిగేవాడు లేడు. పైగా వెండర్ కోడ్, అంటే సరుకు ఇచ్చేవాడిగా కంపెనీ మనల్ని నమోదు చేసుకునే నంబరు, రావాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. పర్చేజ్ సెక్షన్‌లో కూర్చోగానే "మీది ఏ ఊరు? ఇంటిపేరేంటి?" అని మొదలవుతుంది. ఆ రెండు ప్రశ్నలు ఎక్కడికి తీసుకెళ్తాయో మనకందరికీ తెలుసు. ఒక కంపెనీలో డ్రాయింగ్ చూపించకముందే మా షెడ్డు యజమానిని ఆ ప్రశ్నలే అడిగారు. తర్వాత ఫోను ఎత్తలేదు.

ప్రభుత్వ సంస్థ టెండరు ఇంటిపేరు చూసి తెరుచుకోదు. కులం అక్కడ సర్టిఫికెట్‌గా మాత్రమే పనికొస్తుంది. చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే టెండరు ఫారం ఉచితం, ధరావతు, అంటే ఈఎండీ, కట్టక్కర్లేదు. భాగస్వామ్యమైనా, ప్రైవేటు లిమిటెడైనా 51 శాతం వాటా ఎస్సీ, ఎస్టీల చేతిలో ఉంటేనే ఆ 4 శాతం కింద లెక్కిస్తారు. (మన పేరు ముందు పెట్టి వెనక ఇంకొకరు వ్యాపారం నడిపే బేరాలు వస్తుంటాయి. దయచేసి ఒప్పుకోకండి. జీఎస్టీ బాకీ మీ పేరు మీదే మిగులుతుంది.) పని పూర్తి చేశాక వాళ్లిచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ ఎక్కడ చూపించినా చెల్లుతుంది. ఇంటిపేరు అడిగిన ఆఫీసుల్లో కూడా.

కష్టాలు కూడా చెప్పాలి. ఈఎండీ మినహాయింపు ఉన్నా, ఆర్డరు వచ్చాక సెక్యూరిటీ డిపాజిట్ తప్పదు. ఇనుము మన డబ్బుతోనే కొనాలి. ఇన్‌స్పెక్షన్ ఆలస్యమైతే బిల్లూ ఆలస్యమే. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున వడ్డీ కట్టాలి. ప్రైవేటుకూ ఇదే చట్టం. 2024 ఏప్రిల్ నుంచి గడువులో చెల్లించని మొత్తాన్ని కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోనివ్వని ఆదాయపు పన్ను నిబంధన కూడా వచ్చింది. అయినా ఆగిన బిల్లుల మీద ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టడానికి మావాళ్లు జంకుతారు. ఫిర్యాదు పెడితే వచ్చే ఆర్డరు రాదేమోనని టెన్షన్.

పరిచయాలు ఎందుకంటే, ఆ 4 శాతం విషయంలో చాలామందికి తెలియని ఒక మెలిక ఉంది. ఎస్సీ, ఎస్టీ యూనిట్లు టెండరులో పాల్గొనకపోయినా, షరతులకు తూగకపోయినా ఆ వాటాను మిగతా చిన్న సంస్థలతో భర్తీ చేయొచ్చు. అంటే మనం రాకపోతే మన వాటా ఇంకొకరికి పోతుంది. ఏ టెండరు ఎప్పుడు పడుతుందో, ఏ అధికారిని కలవాలో చెప్పే మనిషి కావాలి. 2005లో పుణెలో మిలింద్ కాంబ్లే పెట్టిన దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ లాంటివి అక్కడ పనికొస్తాయి. సంఘం మీటింగుకు వెళ్లండి. శాలువాలు, ఫొటోల దగ్గర ఆగిపోకుండా, మీరు టెండరు వేయాలనుకునే సంస్థకు నిజంగా సరుకు సప్లై చేసినవాడు ఎవరో కనుక్కుని ఆయన పక్కన కూర్చోండి. ఆ ఒక్క గంట నాలుగు సెమినార్ల పెట్టు.

మెషీన్లకు సాయం చేసే పథకాలు వచ్చాయి. 2016లో మొదలై 2025 మార్చి దాకా నడిచిన కేంద్ర పథకం స్టాండప్ ఇండియా కింద 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా అప్పు ఇచ్చారు. తెలంగాణలో 2014లో ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తల కోసం తెచ్చిన టీ-ప్రైడ్ విధానం పరిమితి మేరకు 35 శాతం పెట్టుబడి రాయితీ ఇచ్చింది. కానీ మెషీను తిరగడానికి పని ఉంటేనే కంతు కట్టగలం.

అయితే శిక్షణ దండగా? కాదు. మా షెడ్డులో దాని విలువ తెలిసింది ఒక ఉత్తరం వచ్చిన రోజున. ఒక ప్రభుత్వ సంస్థకు బ్రాకెట్ల టెండరు వేశాం. అందరికన్నా తక్కువ కోట్ చేసింది ఒక పెద్ద కంపెనీ, కిలోకు 100 రూపాయలు. మేం 112 అన్నాం. తక్కువ ధర వేసింది చిన్న సంస్థ కానప్పుడు, ఆ ధరకు 15 శాతం లోపల ఉన్న చిన్న సంస్థకు అదే ధరకు దిగే అవకాశం ఇవ్వాలన్నది నియమం. కనీసం 25 శాతం సరుకు మనం ఇవ్వొచ్చు. ఉత్తరం అదే అడిగింది: 100కి ఇస్తారా?

ఆయన వెంటనే సరే అనబోయాడు. ఆగమన్నాను. ఇద్దరం తెల్ల కాగితం మీద రాశాం. ఇనుము ధర ఆయనకు నోటికి వచ్చు. కటింగ్‌లో పోయే తుక్కు, వెల్డింగ్ వైరు, గ్యాసు, కరెంటు, పెయింటు, డీసీఎం కిరాయి, రిజెక్ట్ అయ్యేవి, 60 రోజులు డబ్బు ఆగితే బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పు మీద వడ్డీ, ఇవేవీ ముందెప్పుడూ విడివిడిగా రాసుకోలేదు. ఏడు శిక్షణల్లో ఒక్కదాంట్లోనూ ఈ లెక్క వేయించలేదట. మధ్యాహ్నానికి తేలింది 96. నాలుగు రూపాయలు మిగులుతాయి. ఒప్పుకున్నాం. ఆ ఆర్డరు పూర్తయ్యాకే ఆయన సొంతంగా అడిగి మరీ కాస్టింగ్, అంటే ఖర్చు లెక్క, క్లాసుకు వెళ్లాడు, వారం పాటు షెడ్డు తమ్ముడికి అప్పజెప్పి.

అందుకే ఎవరైనా నన్ను అడిగితే ఇలా చెబుతాను. మూడు నెలలకు సరిపడా డబ్బు చేతిలో ఉంటే ప్రభుత్వ సంస్థ టెండరుకే వెళ్లండి, చిన్నదైనా సరే. లేకపోతే ఆరు నెలలు ప్రైవేటు జాబ్ వర్క్ చేయండి, కానీ ఒక్క కంపెనీ మీదే బతుకు పెట్టుకోవద్దు. సంఘంలో మొదటి రోజే చేరండి. శిక్షణకు మాత్రం చేతిలో ఒక నిజమైన డ్రాయింగు, ఒక నిజమైన ధర పట్టుకునే వెళ్లండి.

మొన్న మళ్లీ అలాంటి ఉత్తరమే వచ్చింది. ఈసారి అడిగిన ధర 91. నేను వెళ్లేసరికే ఆయన లెక్క రాసి పెట్టుకున్నాడు, 94 పడుతోంది. "వద్దన్నా, దీన్ని వదిలేద్దాం" అని కాగితం మడిచి డ్రాయరులో పెట్టి, జాబ్ వర్క్ లోడు దింపుకోవడానికి బయటికి వెళ్లాడు.