త్రీ మెన్ అండ్ ఎ బేబీ: మిర్చి ధరలతో నిద్రపోయిన పాప

ఈ సినిమా కథ నేను చెప్పను. 1987లో వచ్చింది, ఆ ఏడాది విడుదలైన సినిమాల్లో అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ వసూలు చేసింది. మూలం 1985లో ఫ్రెంచ్‌లో కొలిన్ సెరో తీసినది. మలయాళంలో 1990 నాటి తూవల్‌స్పర్శం, హిందీలో 2007 నాటి హే బేబీ కూడా ఇదే దారిలో వచ్చినవే. ముగ్గురు బ్రహ్మచారులు, గుమ్మం ముందు పసిపాప అంటే మిగతాది ఎవరైనా ఊహించుకోగలరు. దర్శకుడు లెనార్డ్ నిమోయ్ అని, అంటే స్టార్ ట్రెక్‌లో కోసుచెవుల స్పాక్ అని తెలిశాక మాత్రం కాస్త ఆశ్చర్యం వేసింది. నవ్వడం ఎరగని పాత్రతో పేరు తెచ్చుకున్న మనిషి తీసిన కామెడీ ఇది.

నేను చెప్పదలచుకున్నది ఇందులో ఒక్క సీను గురించి. నిమిషం కూడా ఉండదు. ఆ సీను మా ఇంట్లో దాదాపు రెండేళ్ళు పనిచేసింది.

పీటర్ అనే ఆర్కిటెక్ట్ ఉంటాడు. టామ్ సెలెక్ వేశాడు. ఆరడుగుల పైన మనిషి, మీసాలు, ఒంటి మీద నలగని చొక్కా. ఆయన పాపకి ఏదో చదివి వినిపిస్తుంటాడు. గొంతు మెత్తగా, వెన్నలా ఉంటుంది. తీరా చెవి పెట్టి వింటే అది బాక్సింగ్ మ్యాచ్ వార్త. ఎవడు ఎవడి దవడ మీద ఎలా గుద్దాడన్నది వివరంగా ఉంటుంది. రూమ్మేట్ మైకేల్ విని, ఇదేం చదువుతున్నావురా అన్నట్టు అడుగుతాడు. ఏం చదివామన్నది కాదు, ఏ గొంతుతో చదివామన్నదే ముఖ్యం, ఎలాగూ మాటలు దానికి అర్థం కావు కదా అంటాడు పీటర్. మళ్ళీ ఆపిన చోటు వెతుక్కుని చదువుతాడు. అంతే, సీను అయిపోయింది.

మొదటిసారి చూసినప్పుడు నవ్వుకుని వదిలేశాను. అప్పటికి పాప పుట్టలేదు.

మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. నైట్ డ్యూటీలుంటాయి. కాన్పు నరసరావుపేటలో పుట్టింట్లోనే అయింది. మన వైపు సంగతి తెలిసిందే కదా, మొదటి కాన్పుకి మగవాడు అల్లుడి హోదాలో వెళ్ళి, ఉయ్యాల పక్కన కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి వచ్చేస్తాడు. పాపని ఎత్తుకోబోతే "మెడ జాగ్రత్త బాబూ" అంటూ నలుగురు చేతులు చాపుతారు. తర్వాత అత్తయ్యగారు పాపతో హైదరాబాద్ వచ్చి కొన్ని నెలలు మాతోనే ఉన్నారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ పాపని నిద్రపుచ్చడం ఒక పనని నాకు తెలియనే లేదు. కాళ్ళ మీద వేసుకుని ఊపుతూ ఏదో పాడేవారు, పాప పడుకునేది.

ఆవిడ ఊరెళ్ళిపోయారు. సెలవు అయిపోయి మా ఆవిడ డ్యూటీలో చేరింది. మొదటి నైట్ డ్యూటీ రోజున రాత్రి తొమ్మిదిన్నరకి ఆ రెండు గదుల ఫ్లాట్‌లో నేనూ, పాపా మిగిలాం. నాకు పాటలు రావు. సిగ్గుపడి అనడం కాదు, నిజంగానే రావు. చరణం మధ్యలో శ్రుతి ఎటు పోతుందో నాకే తెలియదు. పాప కూడా ఆ సంగతి వెంటనే పట్టేసింది. ఫోన్‌లో జోలపాటలు పెడితే ఆ వెలుతురు చూసి ఇంకా హుషారు. భుజాన వేసుకుని హాల్లో తిరుగుతుంటే ఏడుపు తగ్గేది, ఆగితే మొదలయ్యేది. టీపాయ్ మీద పొద్దుటి పేపర్ ఉంది. అప్పుడు గుర్తొచ్చాడు పీటర్.

మా సొంతూరు గుంటూరు దగ్గర. అందుకని నా కళ్ళు ముందు మిర్చి యార్డు ధరల మీదికే పోతాయి. అదే మొదలుపెట్టాను. తేజ రకం క్వింటా ఇంత, బాడిగ రకం ఇంత, తాలు కాయలు ఇంత. ఆర్ద్రంగా, లాగి లాగి, ఒక్కో రకం దగ్గర కాస్త ఆగి. "శీతల గోదాముల్లో... నిల్వలు... పేరుకుపోయాయి..." అనేసరికి భుజం మీద బరువు పెరిగింది. పిల్లలు నిద్రలోకి జారగానే ఒక్కసారిగా బరువెక్కుతారు, ఎత్తుకున్నవాళ్ళకే తెలుస్తుంది అది. మంచం మీద పడుకోబెట్టి పొద్దున్న మా ఆవిడకి చెప్తే నమ్మలేదు. మరుసటి రాత్రి డ్యూటీలో బ్రేక్ దొరికినప్పుడు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "ఏమండీ, ఇవాళ తేజ ఎంత?" అని అడిగింది.

అక్కణ్ణుంచి అది అలవాటైంది. కొన్ని వార్తలు బాగా పనిచేసేవి, కొన్ని చేసేవి కావు. వాతావరణం బాగుంటుంది, వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, అల్పపీడనం మెల్లగా కదులుతుంది. రంజీ మ్యాచ్ రిపోర్టు ఇంకా బాగుంటుంది. ఐపీఎల్ వద్దు, మనకే గొంతు పెరుగుతుంది. అసెంబ్లీ వార్తలు కూడా వద్దు, చదువుతుంటే నాకే విసుగొచ్చి ఆ విసుగు గొంతులోకి వచ్చేది, పాప కదిలేది. ఇక్కడే ఆ సీను ఎంత బాగా రాశారో అర్థమైంది. పీటర్ బాక్సింగ్ చదువుతున్నాడు గానీ ఆ గుద్దుల ఊపు గొంతులోకి రానివ్వడు. సెలెక్ అది ఎంత నిబ్బరంగా చేశాడంటే, అంతకుముందు డైపర్ నువ్వు మారిస్తే వెయ్యి డాలర్లిస్తానని మైకేల్‌ని బతిమాలిన మనిషి ఇతనేనా అనిపిస్తుంది. సినిమాలో ఈ ముగ్గురూ తండ్రులైపోయారని ఎవరూ ప్రకటించరు. ఈ సీనుతోనే మనకి తెలుస్తుంది. పాప పాత్రలో లీసా, మిషెల్ బ్లెయిర్ అనే కవలలు చేశారట. ఎవరు ఏ సీనులో ఉన్నారో నేనెప్పుడూ పట్టుకోలేకపోయాను.

ఇంత మెచ్చుకున్నాను కదా, ఇప్పుడు అసలు ఇబ్బంది చెప్తాను.

మాటలు దానికి అర్థం కావు అన్న పీటర్ ధీమాకి గడువు ఉంది. ఆ గడువు ఎప్పుడు తీరుతుందో ఏ డాక్టరూ ముందుగా చెప్పడు. ఓ రాత్రి ఎప్పటిలాగే జిల్లా పేజీ తీశాను. చదువుతున్నది మున్సిపాలిటీ సమావేశం వార్త. పాప కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను కూడా సగం నిద్రలోనే, ఆ గొంతులోనే "పట్టణంలో... వీధి కుక్కల... బెడద..." అన్నాను. పాప తటాలున తలెత్తింది.

"కుక్క?"

నేను వినిపించుకోనట్టు తర్వాతి వాక్యంలోకి వెళ్ళాను. ఆ వాక్యంలోనూ కుక్కలే. "భౌ భౌ ఏదీ?" అంటూ భుజం మీంచి జారి కిందికి దిగింది. బాల్కనీ తలుపు దగ్గరికి పరిగెత్తింది. తలుపు తీసి, కింద ఏమీ లేదని చూపించాలి. చూపించాను. మా ఖర్మ కొద్దీ కింద నిజంగానే ఒకటి పడుకుని ఉంది. ఇంక దానికి టాటా చెప్పాలి, బిస్కెట్ వెయ్యాలి, అది తిందో లేదో చూడాలి. పన్నెండు దాటింది.

మరుసటి రోజు జాగ్రత్తగా మిర్చికి తిరిగొచ్చాను. "మిచ్చి కారం!" అని నాలుక బయట పెట్టి చూపించింది. వాతావరణంలో వాన ఉంది, వాన అంటే గొడుగు కావాలి. రంజీలో బాల్ ఉంది. పేపర్లో ఇన్ని తెలిసిన మాటలుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. గొంతు అదే, సాగదీత అదే, కానీ పాప ఇప్పుడు గొంతు వినడంలేదు, మాటల కోసం కాపు కాస్తోంది. కొన్నాళ్ళు హోమ్‌లోన్ అగ్రిమెంటుతో నెట్టుకొచ్చాను. అందులో రెండేళ్ళ పిల్లకి తెలిసిన మాట ఒక్కటీ ఉండదు. ముప్పై రెండేళ్ళ నాకే తెలియవు. పనిచేసింది గానీ నాకు మనశ్శాంతి పోయింది, అర్ధరాత్రి పూట వడ్డీ లెక్కలు గట్టిగా చదువుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు. చివరికి అందరిలాగే కాకి కథ, పిచ్చుక కథ దగ్గరికి వచ్చి చేరాం.

సినిమా మటుకు ఆ గడువు రాకముందే అయిపోతుంది. అందులో మేరీ మాటలు రాని పాపగానే ఉండిపోతుంది. అందుకే అది అంత తీయగా ఉంటుందేమో. ఎదురు మాట్లాడని బిడ్డతో తండ్రి గొప్పవాడిగా కనిపించడం సులువు. ఇది ఇప్పుడు అంటున్నాను, అప్పట్లో పీటర్‌ని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకునేవాణ్ణి కాదు.

ఇంకో సీను మనవాళ్ళకి వింతగా తోస్తుంది. పాప అసలు తండ్రి జాక్, అంటే టెడ్ డాన్సన్, ఇక తన వల్ల కాదని పాపని వాళ్ళమ్మ దగ్గరికి తీసుకెళ్తాడు. ఆవిడ మనవరాల్ని చూసి మురిసిపోతుంది, కానీ పెంచే బాధ్యత నీదే అని వెనక్కి పంపేస్తుంది. సెలెస్టె హోమ్ ఆ పాత్రని ఎంత హాయిగా చేసిందో. మా అత్తయ్యగారు మాతో కూర్చుని సినిమా చూస్తూ ఇక్కడ మాత్రం ఆగలేకపోయారు. "అదేం నాయనమ్మ బాబూ, నాలుగు రోజులైనా ఉంచుకోకుండా?" అన్నారు. నాకు మాత్రం ఆ నాయనమ్మ చేసిందే సరైనదనిపించింది. ఆ మాట ఆవిడ ముందు అనే ధైర్యం లేక ఊరుకున్నాను.

ఇక నాకు గిట్టనిది ఆ మత్తుమందు గొడవ. జాక్ పేరున రావలసిన పార్సిల్‌కీ పాపకీ మధ్య తికమక, దొంగలు, పోలీసు, ఛేజింగ్. ఫ్రెంచ్ మూలంలోనూ ఉన్నదే, అయినా సరే. పిల్లల సినిమా కదా అని ఇంటిల్లిపాదీ కూర్చుంటే మధ్యలో హెరాయిన్ పొట్లం. తికమకలో దొంగలు పాలపొడి డబ్బా పట్టుకుపోయే చోట మాత్రం బాగా నవ్వొస్తుంది. ఆ కాసేపటి నవ్వు కోసం అంత కథ మోయాలా? ఆ భాగం వచ్చినప్పుడల్లా నేను ముందుకి జరిపేస్తాను. మొదట్లో పార్టీలు, ఆ ముగ్గురి ప్రియురాళ్ళ హడావుడి కూడా పెద్దవాళ్ళతో చూడ్డానికి ఇబ్బందే. (కిటికీ తెర వెనక దెయ్యం పిల్లాడు కనిపిస్తాడని ఎవరైనా చెప్తే పట్టించుకోకండి. అది జాక్ బొమ్మ, అట్టతో చేసి నిలబెట్టిన కటౌట్.)

మా ఆవిడ ఫిర్యాదు వేరు, అది నాదానికన్నా బరువైనది. తల్లి సిల్వియా చివర్లో వచ్చి పాపని లండన్ తీసుకెళ్తానంటుంది. ఉద్యోగం, పాప రెండూ ఒక్కతిగా చూసుకోలేకపోతున్నానని తర్వాత చెప్తుంది. నాన్సీ ట్రావిస్‌కి దొరికినవి నాలుగైదు సీన్లు, ఆ ఏడుపుతో సరి. "వాళ్ళు ముగ్గురు కలిసి ఒక పిల్లని చూస్తే గంటన్నర సినిమా. ఆ సిల్వియా ఒక్కతే ఇన్నాళ్ళు చూసింది కదా, అదెక్కడ చూపించారు? నేను డైపర్ మారిస్తే ఎవడైనా టికెట్ కొంటాడా?" అంది. నిజానికి ముగ్గురికీ డబ్బుకి లోటు లేదు, పెద్ద ఫ్లాట్, ఒకరికి విసుగొస్తే ఇంకొకరు ఎత్తుకుంటారు. నైట్ డ్యూటీ చేసొచ్చి, పొద్దున్నే పాలు పట్టే మనిషికి ఈ సినిమా కాస్త చిరాకు తెప్పిస్తే తప్పులేదు. ముగ్గురూ కలిసి పాపకి పాట పాడే సీను వచ్చినప్పుడు మాత్రం తను కూడా ఫోన్ పక్కన పెట్టి చూస్తుంది.

కాబట్టి చూడమంటానా? ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉండి, పాడగలిగిన గొంతు ఎవరికో ఒకరికి ఉంటే, ఇది మీకు ఓ మాదిరి పాత కామెడీ. నవ్వుతారు, మర్చిపోతారు. మాకు ఆ రెండూ లేవు, పైగా రాత్రి డ్యూటీలు, అందుకని మాకు అంతగా పనికొచ్చింది. పాప పుట్టబోతున్న మగవాళ్ళకి మాత్రం ఓసారి చూడమనే చెప్తున్నాను, ముఖ్యంగా కాన్పు పుట్టింట్లో అయి, తండ్రి తీరిగ్గా కుర్చీలో కూర్చునే ఇళ్ళల్లో. ఏడాది నిండాక చూస్తే ఆలస్యం, ఉపయోగం సగానికి తగ్గుతుంది. 1990లో వచ్చిన రెండో భాగంలో మేరీకి మాటలొచ్చేశాయి, కానీ కథంతా ఇంగ్లండ్ పెళ్ళి గొడవల్లోకి పోతుంది, నిద్రపుచ్చడానికి పనికొచ్చేది నాకేమీ దొరకలేదు.