నీలి నాలుక వైరస్ రకం తేల్చే ల్యాబ్ సర్వీసు: ఒక పశువైద్యురాలి రివ్యూ

గొర్రెకు మూతి వాచి, నోట్లో పుండ్లు పడి, కుంటుతూ కనిపిస్తే నీలి నాలుక (బ్లూటంగ్) జబ్బేమోనన్న అనుమానం వస్తుంది. ఏ రకం అన్నది మాత్రం చూసి చెప్పలేం. క్యూలికాయిడిస్ అనే రక్తం తాగే సన్నటి ఈగలు మోసుకొచ్చే ఈ వైరస్‌లో 24కు పైగా సీరోటైపులున్నాయి, అంటే యాంటీబాడీలు గుర్తించే తీరును బట్టి విడదీసిన రకాలు. ఒక రకానికి వేసిన టీకా మరో రకాన్ని ఆపుతుందని నమ్మలేం. 2023లో నెదర్లాండ్స్‌లో 3వ రకం బయటపడినప్పుడు దానికి అక్కడ టీకానే లేదు. అందుకే రకం తేల్చే సర్వీసు వాడాను.

శాంపిల్ విషయంలో వాళ్లు చాలా బాగా చూసుకున్నారు. రక్తం గడ్డకట్టకుండా చూసే ఈడీటీఏ ట్యూబులోనే కావాలన్నారు, ఐసులో పెట్టండి కానీ ఫ్రీజ్ చేయొద్దని ఫోన్ చేసి మరీ చెప్పారు. వైరస్ ఎర్ర రక్తకణాలను అంటిపెట్టుకుని ఉంటుంది, ఫ్రీజ్ అయితే దాన్ని బతికించి పెంచడం కష్టం.

రిపోర్టులో నాకు బాగా నచ్చింది న్యూట్రలైజేషన్ పరీక్ష. చాలాచోట్ల వైరస్ జన్యుపదార్థపు ముక్కల్లో (సెగ్మెంట్లలో) 2వదాని సీక్వెన్స్ చూసి, అది తయారుచేసే, వైరస్ పైపొరలోని వీపీ2 ప్రొటీన్‌ని బట్టి రకం రాసి ఊరుకుంటారు. వీళ్లు మా మందలో దొరికిన వైరస్‌నే కణాల్లో పెంచి, టీకా వేసిన గొర్రెల సీరాన్ని (యాంటీబాడీలుండే రక్తద్రవాన్ని) పలచన చేస్తూ దానితో కలిపి, ఎంతవరకు అడ్డుకుంటుందో చూశారు. జన్యువులు ఎంత దగ్గరగా ఉన్నా, యాంటీబాడీ ఆ వైరస్‌ని పట్టుకుంటుందా లేదా అన్నది ఇలా చూస్తేనే తెలుస్తుంది. టీకా ఎంచుకునేవాడికి కావాల్సింది ఇదే.

నచ్చనివి రెండు. వైరస్‌కి ఉన్నవి పది సెగ్మెంట్లు. ఒకే జంతువులో రెండు రకాలు చేరితే అవి సెగ్మెంట్లు మార్చుకుంటాయి. రిపోర్టులో ఒక్క 2వ సెగ్మెంట్ చదివి ఈ వైరస్ ఎక్కడి నుంచి వచ్చిందో రాయడం సరికాదు, ఆ వాక్యం తీసేయాలి.

రెండోది ఇంకా ముఖ్యం. వైరస్ జన్యుపదార్థాన్ని (ఆర్‌ఎన్‌ఏని) వెతికే పీసీఆర్ పరీక్ష పాజిటివ్ అని ఎర్ర అక్షరాల్లో వేశారు, అది ఎంత ఉందో సూచించే సీటీ విలువ లేదు. జబ్బు తగ్గాక కూడా వైరస్ ఆర్‌ఎన్‌ఏ రక్తంలో నెలల తరబడి కనిపిస్తుంది. అది తెలియక, కోలుకున్న గొర్రెలనే అమ్మేద్దామని మా కాపరి టెన్షన్ పడ్డాడు. కూర్చోబెట్టి వివరించాక గానీ ఆగలేదు. ఆ అంకె, పక్కన ఒక్క వివరణ వాక్యం ఉంటే ఇంత ఆందోళన ఉండేది కాదు.

అయిదుకి నాలుగు ఇస్తాను. మళ్లీ ఇక్కడికే పంపుతాను. మీరు పంపేటట్లయితే చచ్చిపోబోయేదాన్ని కాదు, కొత్తగా జ్వరం వచ్చిన నాలుగైదు గొర్రెల రక్తం తీయండి. వైరస్ పెరిగే అవకాశం అందులోనే ఎక్కువ.