పొదల్లో క్రాపీ చేపలకి 10 అడుగుల పోల్ (గాలం కర్ర): కొన్నేళ్లు వాడాక రివ్యూ

టెక్సాస్‌లో డెంటన్ దగ్గర ట్రినిటీ నది పాయ ఎల్మ్ ఫోర్క్ గట్టు వెంట తిరిగినవాళ్లకి తెలుసు, ఏప్రిల్ వచ్చేసరికి నీళ్ల అంచే కనపడదు, విల్లో కొమ్మలు నీళ్లలోకి వాలిపోయి, వరదకి కొట్టుకొచ్చిన మానులు అడ్డంగా పడి ఉంటాయి. అక్కడ మామూలు రాడ్ పట్టుకుని విసిరితే వెనక చెట్టుకో ఎదురు చెట్టుకో తగులుకోవడం గ్యారంటీ. కానీ నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక క్రాపీలు గుడ్లు పెట్టడానికి వచ్చేది సరిగ్గా ఆ కంపల్లోకే, ఒక్కోసారి మోకాలి లోతు నీళ్లలోకి కూడా. అందుకే నేను ఏళ్ల తరబడి వాడేది 10 అడుగుల గ్రాఫైట్ క్రాపీ పోల్, రెండు ముక్కలది.

పద్ధతి మన ఊళ్లో వెదురు కర్ర గాలమే అనుకోండి. రీల్ ఉంటుంది గానీ అది దారం చుట్టి పెట్టుకోడానికే, దాని మీద డబ్బులు తగలెయ్యకండి. జిగ్‌ని (తల దగ్గర బరువు గుండు ఉన్న హుక్ ఎర) కొన దాకా చుట్టేసి, కర్రని కొమ్మల సందులోంచి లోపలికి దూర్చి, అప్పుడు దారం వదిలి నిలువుగా దించాలి, అంతే. 1/16 ఔన్స్ జిగ్, ఇక్కడి బురద నీళ్లకి చార్ట్రూస్ (పసుపు కలిసిన ఆకుపచ్చ) రంగు. క్రాపీ పైన ఉన్నదాన్ని చూసి లేస్తుంది, కిందకి దిగడం తక్కువ, కాబట్టి అడుగుకి ఆనించక్కర్లేదు, సగంలో ఆపి కదపకుండా పట్టుకోండి. చాలాసార్లు గుంజినట్టు కూడా అనిపించదు, బిగుతుగా ఉన్న దారం ఉన్నట్టుండి వదులైపోతుంది, అప్పటికే జిగ్ దాని నోట్లో ఉంటుంది. అప్పుడు మెల్లగా ఎత్తాలి, గట్టిగా లాగితే పెదవి పొర చిరిగి చేప జారిపోతుంది. పోల్ కొన కాస్త మెత్తగా ఉండాలనేది ఇందుకే, మరీ మెత్తదైతే మాత్రం కొమ్మల్లోంచి చేపని పైకి తీయలేం.

దారం 8 పౌండ్లది వెయ్యండి, హుక్ సన్న తీగది వాడండి. కంపకి పట్టుకుంటే నిదానంగా లాగినప్పుడు హుక్ సాగి బయటికొస్తుంది, వేళ్లతో వంచేసి మళ్లీ దించొచ్చు. లావు హుక్ అయితే దారం తెగడమే.

ఇక విసిగించేవి. రెండు ముక్కలు కలిసే జాయింట్ వాడగా వాడగా వదులైంది, కొవ్వొత్తి రుద్దితే కొన్నాళ్లు ఆగుతుంది. కొనమీద రింగ్ లోపలి సిరామిక్ ఊడిపోయి దారాన్ని కోసేసేది, కొత్త రింగ్ అతికించుకున్నా. పొదల్లో నడిచేటప్పుడు కొన వెనక్కి పెట్టుకుని నడవాలి, ముందుకి పెడితే ఏదో చెట్టుకి గుచ్చుకుని విరుగుతుంది. ఒక లాభం కూడా ఉంది, అడుగేసే ముందు పోల్ పిడి వైపుతో గడ్డి తట్టి చూడొచ్చు, ఇక్కడ విషమున్న కాటన్‌మౌత్ పాములు ఉంటాయి మరి. తగిలితే దురద పుట్టించే మూడాకుల పాయిజన్ ఐవీ తీగ కూడా, ఫుల్ హ్యాండ్స్ లేకుండా దూరకండి.

మే వైపు నీళ్లు 70 దాటాక ఇదే కర్రకి చిన్న బెండు, 8 నంబర్ హుక్, వానపాము ముక్క పెడితే బ్లూగిల్ అనే చిన్న చేప పడుతుంది. వాటి నోరు చిన్నది, పెద్ద హుక్ పెడితే ఎర తినేసి పోతాయి.

టెక్సాస్‌లో క్రాపీ మామూలుగా 10 అంగుళాలు ఉంటేనే ఉంచుకోవాలి, రోజుకి 25, వైట్ క్రాపీ, బ్లాక్ క్రాపీ రెండు రకాలూ కలిపి. తేడా కావాలంటే వీపు రెక్క ముళ్లు లెక్కపెట్టండి, 5 లేక 6 అయితే వైట్, 7 లేక 8 అయితే బ్లాక్. మా బురద నీళ్లలో ఎక్కువ వైటే. మా ఆవిడ పులుసు పెట్టి చూసింది, ముక్క విడిపోయింది, దీనికి వేపుడే కరెక్ట్, పులుసుకి బ్లూగిల్ నిలబడుతుంది గానీ ముళ్లు ఓపిగ్గా తీసుకోవాలి. డల్లాస్ దగ్గర ట్రినిటీలో పట్టినవి తినేముందు స్టేట్ హెల్త్ వాళ్ల హెచ్చరికలు చూసుకోండి, అక్కడ కొన్ని చేపల విషయంలో ఆంక్షలున్నాయి.

12 అడుగులది కూడా వాడాను, అందేది ఇంకాస్త దూరం అందుతుంది గానీ ముందుకి బరువు, సాయంత్రానికి మణికట్టు లాగేస్తుంది. కయాక్‌లోంచి పట్టేవాళ్లకి 8 అడుగులది చాలు, గట్టు మీద నించుని పట్టేవాళ్లు మాత్రం 10 తీసుకోండి.